నీరు లోపలికి రాకూడదు, వేడి లోపల నిలవకూడదు: డెల్టా దారుల్లో విద్యుత్ వాహనాల బ్యాటరీ రూపకల్పన

విద్యుత్ ఆటో కొనడానికి వెళ్లినవారు మొదట అడిగే ప్రశ్న ఒకటే: ఒకసారి ఛార్జింగ్ పెడితే ఎన్ని కిలోమీటర్లు వస్తుంది? అమ్మేవారు ఒక అంకె చెబుతారు. ఆరు నెలలు గడిచాక అదే బండిని రాజమహేంద్రవరంలో నడిపేవారికి ఒక లెక్క, కోనసీమ ఏటిగట్ల మీద నడిపేవారికి ఇంకొక లెక్క వస్తుంది. ఇద్దరూ బ్యాటరీనే తప్పు పడతారు, లేదా ఒకరు మెచ్చుకుంటే మరొకరు తిడతారు. నిజానికి ఇద్దరి బండిలో ఉన్నది ఒకే బ్యాటరీ. అది చేయవలసిన పని, అది బతకవలసిన వాతావరణం మాత్రం వేరు.

బ్యాటరీ ప్యాక్‌ను రూపొందించడమంటే సెల్స్‌ను పెట్టెలో పేర్చి వైరు కలపడం కాదు. ఎంత శక్తి నిల్వ ఉండాలి, దాన్ని ఎంత వేగంగా తీయాలి, ఎన్నేళ్లు నిలవాలి, ఎంత బరువు ఉండవచ్చు అన్న నాలుగు ప్రశ్నలకు ఒకేసారి జవాబు వెతకాలి. గోదావరి డెల్టాలో వీటికి ఐదో ప్రశ్న తోడవుతుంది. వరదకూ ఉప్పుగాలికీ భయపడి పెట్టెను బిగుతుగా మూసేస్తే వేడి బయటికి పోదు. వేడికి భయపడి తెరిస్తే నీరు, ఉప్పు లోపలికి వస్తాయి. ఈ రెండింటి మధ్య దారి ఎక్కడ ఉందో తెలియాలంటే కొన్ని లెక్కలు వేయక తప్పదు.

క్యూసెక్కులు, టీఎంసీలు తెలిసినవారికి ఆంపియర్లు కొత్త కాదు

బ్యాటరీ మీద సాధారణంగా మూడు అంకెలు కనిపిస్తాయి. ఈ వ్యాసమంతటా వాడుకోబోయే ప్యాక్ మీద అవి ఇలా ఉన్నాయనుకుందాం: 51.2 వోల్టులు, 160 ఆంపియర్-అవర్లు, 8.2 కిలోవాట్-అవర్లు.

ధవళేశ్వరం దగ్గర కాలువలకు వదిలే నీటిని క్యూసెక్కుల్లో చెబుతారు. అది ప్రవాహ వేగం. జలాశయంలో ఉన్న నీటిని టీఎంసీల్లో చెబుతారు. అది నిల్వ. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ అవుతుంది. ఆంపియరుకూ ఆంపియర్-అవరుకూ ఉన్న సంబంధం సరిగ్గా ఇదే. 160 ఆంపియర్లు ఒక గంట పారినా, 16 ఆంపియర్లు పది గంటలు పారినా ఖర్చయ్యేది 160 ఆంపియర్-అవర్లే. వోల్టు నీటి మట్టాల తేడా లాంటిది. ఒకే పరిమాణంలో నీరు ఎక్కువ ఎత్తు నుంచి పడితే టర్బైన్ ఎక్కువ పని చేసినట్టే, ఒకే ఆంపియర్-అవర్లు ఎక్కువ వోల్టేజి దగ్గర ఎక్కువ పని చేస్తాయి. అందుకే రెంటినీ గుణిస్తే వచ్చే కిలోవాట్-అవరే అసలైన నిల్వ కొలత. 51.2ను 160తో గుణిస్తే 8,192 వాట్-అవర్లు, అంటే సుమారు 8.2 కిలోవాట్-అవర్లు. కరెంటు బిల్లులో ఒక యూనిట్ అంటే కూడా ఒక కిలోవాట్-అవరే.

ఇందులో తరచూ గందరగోళం కలిగించేది శక్తికీ సామర్థ్యానికీ ఉన్న తేడా. శక్తి అంటే మొత్తం నిల్వ, దాన్ని కిలోవాట్-అవర్లలో కొలుస్తారు. సామర్థ్యం అంటే ఒక క్షణంలో ఎంత తీయగలమన్నది, దాన్ని కిలోవాట్లలో కొలుస్తారు. పెద్ద చెరువుకు చిన్న తూము ఉండవచ్చు, చిన్న చెరువుకు పెద్ద తూము ఉండవచ్చు. బ్యాటరీ కూడా అంతే.

ఒక ట్రాలీ ఆటో రోజువారీ లెక్క

అంబాజీపేట కొబ్బరి మార్కెట్‌కు చుట్టుపక్కల తోటల్లో దింపు తీసిన కాయలను చేర్చే ట్రాలీ ఆటో ఒకటి ఉందనుకుందాం. ఖాళీ బండి, డ్రైవరు, 500 కిలోల కాయలు కలిసి సుమారు 1,000 కిలోలు. రోజుకు 70 కిలోమీటర్ల తిరుగుడు, వేగం గంటకు 36 కిలోమీటర్లు.

తారు రోడ్డు మీద చక్రం దొర్లడానికి బండి బరువులో సుమారు 1.5 శాతం బలం కావాలి. మన ఆటోకు అది 147 న్యూటన్లు. ఆ వేగంలో గాలి నిరోధం ఇలాంటి బండికి సుమారు 60 న్యూటన్లు ఉంటుంది. మొత్తం 207 న్యూటన్ల బలంతో ఒక కిలోమీటరు లాగితే 57 వాట్-అవర్లు ఖర్చు. మోటారు, కంట్రోలరు, గేర్లలో పోయేది తీసేస్తే బ్యాటరీలోంచి వచ్చిన దానిలో 80 శాతమే చక్రానికి చేరుతుందనుకుంటే, బ్యాటరీ ఇవ్వాల్సింది 72 వాట్-అవర్లు. రెండు కిలోమీటర్లకు ఒకసారి ఆగి మళ్లీ వేగం అందుకోవడానికి కిలోమీటరుకు మరో 9 వాట్-అవర్లు కలపాలి. కాబట్టి కిలోమీటరుకు సుమారు 80 వాట్-అవర్లు, 70 కిలోమీటర్లకు 5.6 కిలోవాట్-అవర్లు.

అయితే 5.6 కిలోవాట్-అవర్ల బ్యాటరీ పెడితే సరిపోతుందా? సరిపోదు. అడుగున 15 శాతం వరకూ వాడకుండా ఉంచుకోవాలంటే 6.6 కావాలి. కొన్నేళ్ల తరువాత ప్యాక్ పట్టే నిల్వ 80 శాతానికి పడిపోయిన రోజున కూడా అదే 70 కిలోమీటర్లు నడవాలంటే ఆ 6.6ను 0.8తో భాగించాలి. అప్పుడు 8.2 వస్తుంది. పైన చెప్పిన ప్యాక్ పరిమాణం అలా వచ్చిందే. కొత్త బండికి కొంత మిగులు కనిపిస్తే అది అనవసరపు ఖర్చు కాదు, చివరి ఏడాదికి ముందుగా దాచిన భాగం.

ఇదే బండిని తారు లేని ఏటిగట్టు మీదికి తీసుకెళదాం. అక్కడ చక్రం దొర్లడానికి కావలసిన బలం రెట్టింపై 294 న్యూటన్లు అవుతుందనుకుందాం. వేగం గంటకు 20 కిలోమీటర్లకు తగ్గించి గాలి నిరోధాన్ని తగ్గించుకున్నా ఖర్చు కిలోమీటరుకు 110 వాట్-అవర్లకు చేరుతుంది. కొత్త ప్యాక్‌లో వాడుకోదగిన 7 కిలోవాట్-అవర్లతో తారు రోడ్డు మీద 87 కిలోమీటర్లు వస్తే, గట్టు మీద 63 వస్తాయి. షోరూములో చెప్పిన అంకెకూ తోటలో వచ్చే అంకెకూ మధ్య తేడాకు ఎక్కువ సందర్భాల్లో ఇదే కారణం. అందులో మోసం ఏమీ ఉండనక్కరలేదు. టైర్లలో గాలి తగ్గినా సరిగ్గా ఇదే జరుగుతుంది.

డెల్టా చదునుగా ఉంటుంది గనుక ఎక్కుడు భయం లేదని అనిపిస్తుంది. కానీ గోదావరి పాయలను దాటకుండా కోనసీమలో ఎక్కడికీ పోలేం. చించినాడ, బోడసకుర్రు, రావులపాలెం వంటి చోట్ల వంతెన ఎక్కక తప్పదు. వంతెన దారి ముప్పై అడుగులకు ఒక అడుగు లేస్తుందనుకుంటే అదనంగా 327 న్యూటన్లు కావాలి. చదును మీద బ్యాటరీ నుంచి 2.6 కిలోవాట్లు తీసిన బండి అక్కడ 6.7 కిలోవాట్లు తీస్తుంది. కరెంటు 50 ఆంపియర్ల నుంచి 130కి పెరుగుతుంది. రోజు మొత్తం శక్తి లెక్కలో ఈ ఎక్కుడు వాటా చాలా చిన్నది. మోటారు, కేబుల్, ఫ్యూజు, సెల్ కీళ్లు ఎంత గట్టిగా ఉండాలో నిర్ణయించేది మాత్రం ఇదే.

ఏ రసాయనం, ఎందుకు

పట్టణాల్లో తిరిగే చాలా ఈ-రిక్షాల్లో ఇప్పటికీ నాలుగు 12 వోల్టుల లెడ్-యాసిడ్ బ్యాటరీలు ఉంటాయి. ధర తక్కువ, ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి, పాడైతే పాత సీసానికి డబ్బు వస్తుంది. ఇవి చిన్న సుగుణాలు కావు. వాటి ఇబ్బంది రెండు చోట్ల ఉంది. మొదటిది, మీద రాసిన ఆంపియర్-అవర్లు సాధారణంగా ఇరవై గంటలపాటు నెమ్మదిగా తీసినప్పుడు వచ్చేవి. 100 ఆంపియర్-అవర్ల లెడ్-యాసిడ్ బ్యాటరీ నుంచి 5 ఆంపియర్ల చొప్పున తీస్తే ఇరవై గంటలు వస్తుంది. 25 ఆంపియర్ల చొప్పున తీస్తే నాలుగు గంటలు రావాలి కదా అనుకుంటాం, సుమారు మూడు గంటలే వస్తుంది. 1897లో జర్మన్ శాస్త్రవేత్త పోయికెర్ట్ ఈ తరుగుదలకు సూత్రం కట్టాడు. రెండోది, దాన్ని రోజూ సగానికి మించి ఖాళీ చేస్తే ఆయుష్షు వేగంగా తరిగిపోతుంది. సగమే వాడుతూ 5.6 కిలోవాట్-అవర్లు తీయాలంటే మన ట్రాలీ ఆటోకు 11.2 కిలోవాట్-అవర్ల లెడ్-యాసిడ్ కావాలి. కిలోకు 35 వాట్-అవర్ల చొప్పున అది 320 కిలోలు. కాయలు మోయాల్సిన బండి సగం బరువు బ్యాటరీనే మోస్తుంది.

లిథియం-అయాన్ అనేది ఒక రసాయనం పేరు కాదు, ఒక కుటుంబం పేరు. సోనీ సంస్థ 1991లో దీన్ని మార్కెట్లోకి తెచ్చింది. దీనికి పునాది వేసిన గుడ్‌ఇనఫ్, విటింగమ్, యొషినోలకు 2019లో రసాయన శాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది. ఈ కుటుంబంలో రెండు శాఖలు మనకు ముఖ్యం. ధనధ్రువంలో నికెల్, మాంగనీస్, కోబాల్ట్ కలిసి ఉండేదాన్ని ఎన్‌ఎంసీ అంటారు. సెల్ కిలోకు 200 నుంచి 250 వాట్-అవర్లు ఇస్తుంది. ఇనుము, ఫాస్ఫేట్‌తో చేసేది ఎల్‌ఎఫ్‌పీ. ఇది 150 నుంచి 180 దగ్గర ఆగుతుంది. ఎల్‌ఎఫ్‌పీ పదార్థాన్ని గుడ్‌ఇనఫ్ బృందం 1997లో ప్రకటించినప్పుడు ఆ పత్రంలో పాఢి, నంజుండస్వామి అనే ఇద్దరు భారతీయుల పేర్లు కూడా ఉన్నాయి.

బరువు చూస్తే ఎన్‌ఎంసీ గెలుస్తుంది. స్కూటరు లాంటి చిన్న బండిలో, సీటు కింద చోటు తక్కువ ఉన్నచోట అది బలమైన వాదనే. ఎల్‌ఎఫ్‌పీ వైపు ఉన్నవారు రెండు విషయాలు చెబుతారు. ఫాస్ఫేట్‌లో ఆక్సిజన్ భాస్వరంతో గట్టిగా బంధించబడి ఉంటుంది గనుక, సెల్ విపరీతంగా వేడెక్కినా ఆక్సిజన్ తేలిగ్గా విడిపోదు. ఎన్‌ఎంసీలో అలా విడిపోయిన ఆక్సిజన్ మంటకు తోడవుతుంది. రెండోది ఆయుష్షు: పూర్తిగా నింపి, పూర్తిగా ఖాళీ చేయడం ఒక చక్రం అనుకుంటే, మంచి ఎల్‌ఎఫ్‌పీ సెల్ 2,000 చక్రాలు దాటడం మామూలే. నా అభిప్రాయంలో 75 కిలోల బ్యాటరీని సునాయాసంగా మోయగల ట్రాలీ ఆటోకు, ఈ ఎండలకు, ఎల్‌ఎఫ్‌పీయే తగినది. స్కూటరుకు మాత్రం అంత తేలిగ్గా తీర్పు చెప్పలేం. ఎల్‌ఎఫ్‌పీ అసలు ప్రమాదమే లేనిదన్న ప్రచారం కూడా సరికాదు. అది పాడైనప్పుడు వెలువడే వాయువులో హైడ్రోజన్ ఉంటుంది, మూసిన గదిలో అది పోగైతే అంటుకుంటుంది.

సోడియం-అయాన్ గురించి వినబడుతున్న మాటలకు ఒక వాక్యం చాలు: లిథియం అవసరం లేకపోవడం దాని అసలు బలం, చలిలో బాగా పనిచేయడం రెండో బలం, ఆ రెండోది మనకు అక్కరకు రాదు.

వేడి ఎక్కడ పుడుతుంది, ఎంత పుడుతుంది

సెల్ లోపల కరెంటుకు కొంత నిరోధం ఉంటుంది. పుట్టే వేడి కరెంటు వర్గాన్ని ఆ నిరోధంతో గుణిస్తే వస్తుంది. మన ప్యాక్ మొత్తం నిరోధం 20 మిల్లీ ఓమ్‌లు అనుకుంటే, చదును రోడ్డు మీద 50 ఆంపియర్ల దగ్గర 50 వాట్ల వేడి పుడుతుంది. వంతెన మీద 130 ఆంపియర్ల దగ్గర 338 వాట్లు పుడుతుంది. కరెంటు రెండున్నర రెట్లు పెరిగితే వేడి దాదాపు ఏడు రెట్లు పెరిగింది.

ఈ అంకె చూసి వంతెనలే బ్యాటరీని కాలుస్తున్నాయని అనుకోవడం సహజం. మరొక మెట్టు లెక్క వేస్తే చిత్రం మారిపోతుంది. 75 కిలోల ప్యాక్‌ను ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 75 కిలోజౌళ్లు కావాలి. 338 వాట్ల చొప్పున ఒక నిమిషం వంతెన ఎక్కితే పుట్టేది 20 కిలోజౌళ్లు. అంటే పెరిగేది పావు డిగ్రీ మాత్రమే. చదును మీద రెండు గంటలు నడిచినా, ఒక్క వాట్ కూడా బయటికి పోదనుకున్నా, పెరుగుదల 5 డిగ్రీల లోపే. నిజానికి బయటికి పోతుంది. ఆ ప్యాక్ పట్టే పెట్టె బయటి గోడల వైశాల్యం సుమారు ఒక చదరపు మీటరు ఉంటుంది. నిలిచిన గాలిలో కూడా ఒక్కో డిగ్రీ తేడాకు 8 వాట్ల దాకా వదలగలదు. కాబట్టి బయటి గాలి కన్నా 6 డిగ్రీలు ఎక్కువ వేడెక్కిన చోట 50 వాట్లు వచ్చినట్టే పోతాయి. మూసిన అల్యూమినియం పెట్టె, సెల్ నుంచి గోడకు వేడి పాకే మంచి మార్గం ఉంటే చాలు, ఫ్యాను కూడా అక్కరలేదు.

అయితే ఎండాకాలంలో బ్యాటరీలు ఎందుకు అలసిపోతున్నాయి? ఎందుకంటే ఆ 6 డిగ్రీలు దేని మీద కలుస్తున్నాయన్నదే ముఖ్యం. మే నెలలో రాజమహేంద్రవరంలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు తాకే రోజులు ఉంటాయి. ఎండలో నిలిపిన బండి కింద తారు అంతకన్నా వేడిగా ఉంటుంది. సెల్ 50 డిగ్రీలు దాటిన స్థితిలో గంటల తరబడి ఉంటుంది. ప్రతి 10 డిగ్రీల పెరుగుదలకు లోపలి క్షీణత సుమారు రెట్టింపవుతుందన్నది ఇంజనీర్లు వాడే మోటు సూత్రం. కంపెనీ పత్రాల్లో రాసే చక్రాల సంఖ్య సాధారణంగా 25 డిగ్రీల దగ్గర చేసిన పరీక్షలోది. మన ఆటో రోజుకు ప్యాక్‌లో మూడింట రెండు వంతులు వాడుతుంది, ఏడాదికి 300 రోజులు తిరిగితే సుమారు 205 చక్రాలు. 2,000 చక్రాల లెక్కన పదేళ్లు రావాలి. అంతకన్నా ముందే అది బలహీనపడితే, అందుకు తిరిగిన దూరం కన్నా వేడిలో గడిపిన కాలమే ఎక్కువ కారణమై ఉంటుంది. నడవకుండా షెడ్డులో ఉన్న బ్యాటరీ కూడా ముసలిదవుతుందన్న సంగతి చాలామందికి కొత్తగా అనిపిస్తుంది.

ఫాస్ట్ ఛార్జింగ్ దగ్గర ఈ లెక్కంతా తలకిందులవుతుంది. ఇంటి దగ్గర 1.5 కిలోవాట్ల ఛార్జరు ప్యాక్‌లోకి 30 ఆంపియర్లు పంపుతుంది, పుట్టే వేడి 18 వాట్లు. అదే ప్యాక్‌ను గంటలో నింపాలంటే 160 ఆంపియర్లు పంపాలి, వేడి 512 వాట్లు. బయటికి పోయే దారి లేకపోతే గంటలో 25 డిగ్రీలు పెరుగుతుంది. పెట్టె గోడలు మాత్రమే దాన్ని వదలాలంటే బయటి గాలి కన్నా 64 డిగ్రీలు వేడిగా ఉండాలి, అది జరగని పని. అందువల్ల వేగంగా నింపే ప్యాక్‌కు లోపల ద్రవం ప్రవహించే గొట్టాలో, గాలి తోసే ఫ్యానులో కావాలి. ఫ్యాను అంటే రంధ్రం. రంధ్రం అంటే ఉప్పుగాలి. ఇక్కడే డెల్టా తన షరతు పెడుతుంది.

నీరు ఏ దారిన వస్తుంది

2022 ఆరంభంలో దేశంలో పలుచోట్ల విద్యుత్ స్కూటర్లు తగలబడ్డాయి. ఆ తరువాత కేంద్రం రెండు, మూడు చక్రాల వాహనాల బ్యాటరీలకు వర్తించే ఏఐఎస్-156 ప్రమాణాన్ని కఠినం చేసింది. సవరించిన నిబంధనలు 2022 డిసెంబరు 1 నుంచి, 2023 మార్చి 31 నుంచి రెండు దశల్లో అమల్లోకి వచ్చాయి. ఒక సెల్ అదుపు తప్పి వేడెక్కితే పక్క సెల్స్‌కు ఎలా పాకుతుందో చూసే పరీక్ష, నీరు చొరబడకుండా చూసే పరీక్ష వాటిలో ముఖ్యమైనవి.

ప్రకటనల్లో కనిపించే ఐపీ67 అన్న గుర్తుకు అర్థం ఇది: 6 అంటే ధూళి చొరబడదు, 7 అంటే ఒక మీటరు లోతు నీటిలో 30 నిమిషాలు ముంచినా హాని కలిగించేంత నీరు లోపలికి పోదు. వానకు, రోడ్డు మీద నిలిచిన నీటికి ఇది మంచి రక్షణే. అయితే 2022 జులైలో గోదావరికి వచ్చినలాంటి వరదలో లంక గ్రామాల నీరు అరగంటలో తీయదు, రోజుల తరబడి ఉంటుంది. కనకాయలంక కాజ్‌వే లాంటివి దాదాపు ఏటా మునుగుతాయి. ఐపీ67 అన్నది వరదకు ఇచ్చిన హామీ కాదు.

అంతకన్నా సూక్ష్మమైన ఇబ్బంది ఇంకొకటి ఉంది, దాని గురించి మాట్లాడేవారు తక్కువ. మధ్యాహ్నం 50 డిగ్రీలకు చేరిన మూసిన పెట్టె, 30 డిగ్రీల కాలువ నీటిలోకి దిగిందనుకుందాం. లోపలి గాలి చల్లబడి దాని పీడనం సుమారు 6 శాతం తగ్గుతుంది. అది 60 సెంటీమీటర్ల లోతు నీటి పీడనానికి సమానం. బండి అడుగున్నర నీటిలోనే ఉన్నా, లోపలి నుంచి కూడా పీల్చుతున్నట్టే కాబట్టి, రబ్బరు సీలుకు మాత్రం మీటరు లోతు నీరు నెడుతున్నట్టు ఉంటుంది. ఐపీ పరీక్షలో నీటికీ పెట్టెకూ మధ్య ఉష్ణోగ్రత తేడా 5 డిగ్రీలకు మించకూడదని నియమం. కాబట్టి వేడి బండిని చల్లని నీటితో కడిగే సందర్భం ఆ పరీక్షలో రాదు. దీనికి విరుగుడుగా గాలిని మాత్రమే పోనిచ్చి నీటిని ఆపే పలుచని పొరను పెట్టెకు అమరుస్తారు. పెట్టె రోజూ దాని ద్వారా ఊపిరి తీసుకుంటుంది. ఆ ఊపిరితో పాటు డెల్టా గాలిలోని తేమ కూడా వస్తుంది, రాత్రి చల్లబడినప్పుడు చెమ్మగా దిగుతుంది. ఒక రోజుకు అది గ్రాములో చిన్న భాగమే. అంతర్వేది, నరసాపురం వైపు, రొయ్యల చెరువుల మధ్య, ఆ చెమ్మకు ఉప్పు తోడైతే కీళ్ల మీది లోహం నెమ్మదిగా తినేయబడుతుంది. తుప్పు పట్టిన కీలు నిరోధం పెరుగుతుంది, నిరోధం పెరిగిన చోట వేడి పుడుతుంది. నీటి సమస్య చివరికి వేడి సమస్యగా మారుతుంది.

ఈ పెట్టెకు ఇంకొక ద్వారం కూడా కావాలి. సెల్ పాడై వాయువు వెలువడితే అది పోవడానికి దారి లేకపోతే పెట్టె పేలుతుంది. నీటిని ఆపుతూ, గాలిని పీలుస్తూ, ఆపదలో ఒక్కసారిగా తెరుచుకునే ద్వారం: వెంట్ అని ఒక మాటలో అనేస్తాం గానీ, ప్యాక్ రూపకల్పనలో అతి కష్టమైన భాగాల్లో అదొకటి.

పెట్టెను ఇంకొంచెం ఎత్తులో పెడితే సరిపోదా అని అడగవచ్చు. బండి బోల్తా పడే ప్రమాదం పెరుగుతుందన్నది దానికి చెప్పే అభ్యంతరం. 75 కిలోల ప్యాక్‌ను 20 సెంటీమీటర్లు లేపితే నిండు బండి గురుత్వ కేంద్రం ఒకటిన్నర సెంటీమీటర్లు, ఖాళీ బండిది సుమారు మూడు సెంటీమీటర్లు లేస్తుంది. మూడు చక్రాల బండికి ఇది పట్టించుకోదగిన తేడాయే, కానీ సరుకును ఎత్తుగా పేర్చినప్పుడు వచ్చే తేడా ముందు చిన్నది. లంక గ్రామాల కోసం చేసే బండికి ఈ మార్పు చేయదగినదేనని నాకు అనిపిస్తుంది. పోయేది ట్రాలీలో కొంత చోటు.

పదహారు సెల్స్‌నూ ఒకేలా నడిపించే కాపలా

ఒక్కో ఎల్‌ఎఫ్‌పీ సెల్ 3.2 వోల్టులు. అలాంటివి పదహారు వరుసగా కలిపితే 51.2. ఈ వరుసలో అన్నిటి గుండా ఒకే కరెంటు పారుతుంది. పదిహేను సెల్స్ 160 ఆంపియర్-అవర్లవై, ఒకటి మాత్రం 140కి పడిపోతే, ఖాళీ అయ్యేటప్పుడు అదే ముందు అడుగు తాకుతుంది. ఆ క్షణంలో బండిని ఆపకపోతే ఆ సెల్ పూర్తిగా చెడుతుంది. కాబట్టి ప్యాక్ మొత్తం 140గానే మిగులుతుంది. ఒక్కో సెల్ వోల్టేజిని, కొన్నిచోట్ల ఉష్ణోగ్రతను, మొత్తం కరెంటును చూస్తూ, అవసరమైతే తెంచేసే పరికరం పేరు బీఎంఎస్.

"మీటరు 30 శాతం చూపిస్తుండగానే బండి ఆగిపోయింది" అన్న ఫిర్యాదు వెనక కూడా ఒక కారణం ఉంది. ఎల్‌ఎఫ్‌పీ సెల్ వోల్టేజి 20 శాతం నుంచి 80 శాతం దాకా దాదాపు మారదు. వోల్టేజి చూసి ఎంత మిగిలిందో చెప్పడం కుదరదు గనుక బీఎంఎస్ పోయిన కరెంటును కూడుతూ వస్తుంది. సెన్సరులో ఒక ఆంపియరు తప్పు ఉంటే పది గంటల్లో 10 ఆంపియర్-అవర్లు, అంటే 6 శాతం తేడా వస్తుంది. ఆ తేడా రోజురోజుకూ పేరుకుపోతుంది. పూర్తిగా ఛార్జి అయినప్పుడు వోల్టేజి ఒక్కసారిగా లేస్తుంది. అప్పుడే లెక్క సరిచేసుకునే అవకాశం వస్తుంది.

అందుకే 80 శాతం దగ్గర ఆపాలా, నూరు శాతం నింపాలా అన్న వాదనలో రెండు పక్షాలకూ ఆధారం ఉంది. నిండుగా, వేడిగా నిలవ ఉంచితే ఏ లిథియం సెల్‌కైనా క్షీణత పెరుగుతుంది, ఎన్‌ఎంసీకి ఇది మరింత వర్తిస్తుంది. కానీ ఎల్‌ఎఫ్‌పీని ఎప్పుడూ 80 దగ్గరే ఆపితే మీటరు దారి తప్పుతుంది, సెల్స్ మధ్య తేడాలను సరిచేసే సమయం కూడా దొరకదు. ఒక రసాయనానికి చెప్పిన సలహాను మరొక దానికి అంటగట్టడం వల్లే ఈ గందరగోళమంతా.

బండిలోనే నింపాలా, మార్చుకోవాలా

వేడి, నీరు రెండింటినీ ఒకేసారి తప్పించుకోవడానికి బ్యాటరీ మార్పిడి దారి అని కొందరు వాదిస్తారు. నీతి ఆయోగ్ 2022 ఏప్రిల్‌లో దీనిపై ముసాయిదా విధానం కూడా విడుదల చేసింది. వారి వాదనలో బలం ఉంది: ఖాళీ బ్యాటరీని నీడలో, మెరక మీద కట్టిన గదిలో, నెమ్మదిగా, చల్లగా నింపవచ్చు. డ్రైవరుకు వేచి ఉండే పని లేదు, 512 వాట్ల వేడి సమస్యే రాదు. ఎదుటి పక్షం చూపించేది కనెక్టరును. బండికి బిగించిన ప్యాక్‌లో కనెక్టరును ఏడాదికి ఒకసారి విప్పితే, మార్పిడి ప్యాక్‌లో రోజుకు రెండుసార్లు విప్పుతారు. విప్పిన ప్రతిసారీ తేమ, ఉప్పు, ధూళి అక్కడ చేరతాయి. పైగా చేత్తో ఎత్తాలంటే 75 కిలోలను ఒకటిగా చేయలేం, ఐదారు ముక్కలుగా చేయాలి, ఐదారు పెట్టెలకూ ఐదారు సీళ్లు. రోడ్డు మీద ఉన్న బండ్ల కన్నా ఎక్కువ బ్యాటరీలు ఎవరో ఒకరు కొని ఉంచాలి. భీమవరం, కాకినాడ లాంటి పట్టణాల్లో రోజంతా తిరిగే ప్రయాణికుల ఆటోలకు మార్పిడి కుదురుతుంది. రాత్రి ఇంటికి చేరి ఎనిమిది గంటలు నిలిచే కొబ్బరి ఆటోకు 15 ఆంపియర్ల ప్లగ్గు, నెమ్మదైన ఛార్జరే తక్కువ ఖర్చుతో, తక్కువ వేడితో పని ముగిస్తాయి.

మొదటి రోజే ఆలోచించాల్సిన చివరి రోజు

నీటిని ఆపడానికి కొందరు తయారీదారులు సెల్స్ మధ్య ఖాళీలన్నిటినీ జిగురు లాంటి రెసిన్‌తో నింపేస్తారు. చెమ్మ దిగడానికి చోటుండదు, వేడి గోడకు బాగా పాకుతుంది, గతుకులకు కీళ్లు కదలవు. ఈ వ్యాసం మొదటి నుంచి వెతుకుతున్న రెండు గుణాలూ ఒకేసారి దొరికినట్టే. కానీ ఆ పదహారులో ఒక సెల్ బలహీనపడితే దాన్ని మాత్రమే తీసి మార్చడం ఇక కుదరదు. బోల్టులతో బిగించి, రబ్బరు సీలు వేసిన పెట్టెను స్థానిక మెకానిక్ విప్పగలడు. అయితే విప్పి మళ్లీ బిగించాక సీలు మొదటిలా కూర్చుందో లేదో పరీక్షించే పరికరం అతని దగ్గర ఉండాలి.

ఈ ఎంపిక ప్రభావం బండి జీవితం దాటి కూడా ఉంటుంది. 80 శాతానికి పడిపోయిన ప్యాక్‌లో ఇంకా 6.5 కిలోవాట్-అవర్లు ఉంటాయి. అందులో 5.2 వాడుకున్నా, రొయ్యల చెరువు నీటిలో గాలి కలిపే ఒక హెచ్‌పీ ఏరియేటరు మోటారు నష్టాలతో కలిపి 1.1 కిలోవాట్లు తీసుకుంటే, దాదాపు నాలుగున్నర గంటలు తిరుగుతుంది. రాత్రి కరెంటు పోయి చెరువులో ఆక్సిజన్ పడిపోయినప్పుడు రొయ్యలు చచ్చిపోవడానికి పట్టే కాలం అంతకన్నా తక్కువ. ఒక చెరువుకు పలు ఏరియేటర్లు ఉంటాయి గనుక ఒక పాత ప్యాక్ జనరేటరుకు బదులు కాలేదు, డీజిల్ జనరేటరు అందుకునేలోపు ఒకటి రెండు ఏరియేటర్లను తిప్పగలదు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీల సేకరణ, రీసైక్లింగ్ లేదా పునర్వినియోగం బాధ్యత తయారీదారులదే.

అలా రెండో పనికి పనికొస్తుందో లేదో తేల్చాలంటే, ఆ ప్యాక్ ఎన్ని గంటలు 50 డిగ్రీలు దాటిందో, ఎప్పుడైనా మునిగిందో బీఎంఎస్ గుర్తుపెట్టుకుని ఉండాలి. ఆ వివరాన్ని కంపెనీ పరికరంతోనే కాకుండా చెరువు దగ్గరి ఎలక్ట్రీషియన్ కూడా చదవగలగాలి. చెరువు గట్టు మీద దాన్ని పెట్టే షెడ్డులోనూ ఉండేది అదే ఎండ, అదే ఉప్పుగాలి.